సమాధి దగ్గర పునరుత్థానం గురించి ఏం చెప్పాలి? దహనం, దొరకని శవం, నీళ్లూరే గొయ్యి

రాజోలు_సువార్తికుడు (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో భూస్థాపనల దగ్గర వాక్యం చెప్పే బాధ్యత ఇకమీదట నాది. కోనసీమ సంగతి మీకు తెలిసిందే. గొయ్యి చుట్టూ నిలబడేవాళ్లలో సగం మంది విశ్వాసులైతే సగం మంది హిందూ బంధువులు, పక్క వీధివాళ్లు. పది నిమిషాలకు మించి ఎవరూ నిలబడరు. ఆ కాస్త టైములో పునరుత్థానం గురించి ఏం చెప్పాలి, ఏ భాగం ఎక్కడ చదవాలి? ఇవి కాక ఎక్కడికెళ్లినా ఎదురయ్యే ప్రశ్నలు మూడున్నాయి. చోటు లేక దహనం చేస్తే లేస్తారా? వేటకెళ్లి తిరిగిరానివాళ్ల సంగతేంటి? పోయినాయన ఇప్పుడు ఎక్కడున్నాడు? గట్టు మీద నిలబడి నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలిగే జవాబులు కావాలండి.

---

నరసాపురం_పెద్ద

బ్రదర్, ముందు ఇంటి దగ్గర చెప్పే వాక్యాన్నీ గొయ్యి దగ్గర చెప్పే వాక్యాన్నీ విడదీసుకోండి. రెండు చోట్లా ఒకటే చెబితే రెండోసారి ఎవరూ వినరు.

ఇంటి దగ్గర యోహాను 11 చాలు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గరికి వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడు (35వ వచనం). కాబట్టి మైకు పట్టుకుని "ఏడవకండి, విశ్వాసులు ఏడవకూడదు" అని ఎప్పుడూ అనకండి. 1 థెస్సలొనీక 4:13లో పౌలు చెప్పింది నిరీక్షణ లేని ఇతరులలాగా దుఃఖపడవద్దని. అసలు దుఃఖమే వద్దని ఆయన అనలేదు. ఆ తర్వాత 25వ వచనం మెల్లగా రెండుసార్లు చదవండి: "నేనే పునరుత్థానమును జీవమును." హిందూ బంధువులకు కూడా ఆ ఒక్క మాట గుర్తుండిపోతుంది.

గొయ్యి దగ్గర 1 కొరింథీ 15:51–57. ఏడే వచనాలు, రెండు నిమిషాల్లోపు అయిపోతాయి. అధ్యాయం మొత్తం 58 వచనాలండి, ఎండలో అంతా చదవబోతే జనం నీడకు జరిగిపోతారు. చదివాక నాలుగు సంగతులు చెప్పండి: క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, పాతిపెట్టబడ్డాడు, మూడో రోజున లేచాడు, ఆయన వచ్చినప్పుడు ఆయనవాళ్లు లేస్తారు. అదే అధ్యాయంలో 3, 4, 23 వచనాలు చూడండి, వరసగా అవే ఉంటాయి. ఆ తర్వాత ప్రార్థన, మన్ను వేయడం.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఒకచోట. "ఆత్మ ఎగిరిపోయింది, ఇక్కడున్నది వట్టి పంజరం" అంటుంటారు. ఆ మాట అనేసరికి, ఆ శరీరానికి స్నానం చేయించి కొత్త బట్టలు కట్టిన ఆడవాళ్లు ఎదురుగానే నిలబడి ఉంటారు. పైగా అది క్రైస్తవ బోధే కాదు. ఏథెన్సులో వాళ్లు పౌలును అపహసించింది మృతుల పునరుత్థానం మాట విన్నాకే (అపొ. కార్యములు 17:32). ఆత్మ నిలిచి ఉంటుందనే మాట వాళ్ల ఊళ్లో పాతదే. శరీరం లేస్తుందన్నదే వాళ్లకు మింగుడుపడలేదు. మనం చెప్పాల్సిందీ అదే. దేవుడు చేసిన శరీరం, దేవుడు విడిచిపెట్టని శరీరం, ఆయనే లేపే శరీరం.

---

లూథరన్_కుటుంబం

పెద్దాయన మాటతో ఏకీభవిస్తున్నాను. మా దగ్గర విశ్వాస ప్రమాణంలో "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును" నమ్ముతున్నామని ఆదివారం ఆదివారం చెప్పుకుంటాం. గొయ్యి దగ్గర కూడా దాన్ని అందరిచేతా చెప్పిస్తే బాగుంటుంది. ఏడుస్తున్న కుటుంబానికి కొత్త మాటలు బుర్రకెక్కవు. నోటికి వచ్చిన మాటలైతే వాటంతటవే వచ్చేస్తాయి.

"ఇప్పుడు ఎక్కడున్నాడు" అన్న ప్రశ్నకు రెండు మెట్లుగా చెప్పండి. మొదటి మెట్టు: ప్రభువు దగ్గర ఉన్నాడు. పక్క సిలువ మీదున్న దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు (లూకా 23:43). పౌలు తాను వెడలిపోయి క్రీస్తుతో ఉండాలని కోరుకున్నాడు (ఫిలిప్పీ 1:23). రెండో మెట్టు: అక్కడితో కథ అయిపోలేదు. ప్రకటన 6:9–11లో బలిపీఠం కింద ఉన్న ఆత్మలు కూడా ఇంకా ఎన్నాళ్లని అడుగుతున్నాయి. దేవుని దగ్గరున్నవాళ్లు కూడా ఎదురుచూస్తున్నారన్నమాట. శరీరం లేచే దినం వాళ్లకూ ముందే ఉంది.

చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. దాంతో సంఘంలో పిల్లలు "చచ్చాక పరలోకం" అన్నదే మొత్తం సువార్త అనుకుంటున్నారు.

---

మార్టేరు_వరి

గొయ్యి చుట్టూ ఉన్నది రైతులూ కూలీలే కాబట్టి 1 కొరింథీ 15:36–38 వదలకండి. పౌలు వాడిన పోలికే అది. మన డెల్టాలో దాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

విత్తనం ఒక రోజు నానబెడతాం, మండె కడతాం, మొలక రాగానే నారుమడిలో చల్లుతాం. నాలుగు వారాలు దాటాక నారు పీకి ఊడుస్తాం. అప్పుడు ఆ మొక్కను పట్టుకుని వేరు దగ్గర చూడండి. చల్లిన గింజ ఉండదు, పొట్టు మాత్రం వేలికి తగులుతుంది. అయినా స్వర్ణ రకం చల్లిన మడిలో స్వర్ణే ఈనుతుంది, వేరే రకం రాదు. పౌలు చెప్పేవి ఈ రెండే. లేచేది ఆ మనిషే, ఇంకొకరు కాదు. కానీ గింజకూ కంకికీ ఉన్నంత తేడాతో లేస్తాడు. బలహీనంగా విత్తబడి బలంగా లేపబడుతుంది అన్నది (43వ వచనం) జబ్బుతో మంచాన పడి పోయినవాళ్ల ఇంట్లో చదివి చూడండి, ఆ ఇంటివాళ్లు తలెత్తి వింటారు.

ఒక జాగ్రత్త. పోలికను అతిగా లాగకండి. గింజలో మొలక సజీవంగానే ఉంటుంది. శవంలో అలాంటిదేమీ ఉండదు. పునరుత్థానం ప్రకృతి సహజంగా జరిగేది కాదు, దేవుడు చేసే పని. అందుకే 38వ వచనంలో దేవుడే దానికి శరీరం ఇస్తున్నాడని పౌలు రాశాడు. ఈ ముక్క వదిలేస్తే వినేవాళ్లు దీన్ని పునర్జన్మ అనుకుంటారు. అలా అనుకోవడం మన వైపు చాలా మామూలు. ఒక మనిషికి ఒక జీవితం, ఒక మరణం, ఒక తీర్పు (హెబ్రీ 9:27), ఆ మనిషికే పునరుత్థానం అని ఒక్క వాక్యంలో తేల్చి చెప్పండి.

ఈస్టరు దాళ్వా (రబీ వరి) కోతల కాలంలో పడుతుంది కదా. లేవీయకాండము 23:10–11లో మొదటి పనను (కోసిన పైరు కట్టను) విశ్రాంతి దినం మరునాడు యాజకుడు దేవుని ఎదుట అల్లాడించాలి. క్రీస్తు లేచిందీ విశ్రాంతి దినం మరునాడే. పౌలు ఆయన్ను "ప్రథమఫలము" అంటున్నాడు (15:20). మొదటి పన వచ్చిందంటే చేలో మిగతా పంట కూడా పండిందనే అర్థం, అది వేరే చేనుది కాదు. అక్కడ కోసేది యవలు, ఇక్కడ వరి. ఆరోజు ఒక వరి పన తెచ్చి బల్ల దగ్గర పెడితే ప్రసంగంలో సగం అదే చెబుతుంది.

---

ఆచంట_తాపీ

వాక్యం సంగతి పెద్దలు చెప్పారు. గొయ్యి సంగతి నేను చెబుతాను. అది సరిగా లేకపోతే వాక్యం ఎవరి చెవికీ ఎక్కదు.

కాలువలు పారే రోజుల్లో, ముఖ్యంగా ఆగస్టు నుంచి నవంబరు దాకా, మన ఊళ్లలో మూడు నాలుగు అడుగుల్లోనే నీళ్లు తగులుతాయి. పొద్దున్నే పూర్తి లోతు తవ్వి వదిలేస్తే మధ్యాహ్నానికి మోకాలి లోతు ఊరుతుంది. పెట్టె దింపగానే తేలుతుంది. కుటుంబం ముందు కర్రలతో నొక్కడం చూడలేని పని. కాబట్టి ముందు మూడడుగులే తవ్వండి. ఊరేగింపు ఇంటి దగ్గర బయల్దేరిందని ఫోను రాగానే మిగతాది తవ్వించండి. ఒక మూల బకెట్ పట్టేంత గుంట తీస్తే నీరంతా అక్కడికి చేరుతుంది, అక్కడ్నుంచి తోడొచ్చు. చిన్న డీజిల్ మోటారు దొరికితే మరీ మంచిది. అడుగున జానెడు ఇసుక పోయండి. పెట్టె అడుగుచెక్కకు నాలుగు మూలలా రంధ్రాలు వేయిస్తే నీరు లోపలికి దిగి తేలకుండా కూర్చుంటుంది. ఈ సంగతి వడ్రంగికి ముందే చెప్పాలి. మూత బిగించాక వేయడం కుదరదు. శరీరాన్ని ప్లాస్టిక్ పట్టాలో చుట్టకండి. గాలి నిలిచి పెట్టె ఇంకా తేలుతుంది, శరీరం మట్టిలో కలవదు కూడా.

సువార్తికుడు గారికి ఒక్క మాట. నీళ్లు ఊరుతున్నప్పుడు వాక్యం, ప్రార్థన పెట్టె దింపకముందే ముగించండి. దింపాక మన్ను వేసే మాటలు మాత్రమే.

పైన సిమెంటు కట్టుబడి కనీసం ఒక వానాకాలం గడిచాక. ఈలోపు మట్టి కుంగుతుంది. తొందరపడి కట్టినవన్నీ నడుమకు పగిలిపోతాయి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు నీటికి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది, సాధ్యమైనంత వరకు ఇటుకతోనే కట్టించండి.

తల ఎటు పెట్టాలని తవ్వేవాళ్లు అడుగుతారు. తల పడమర, కాళ్లు తూర్పు. లేచినప్పుడు తూర్పు ముఖంగా ప్రభువును ఎదుర్కోవాలని పాత ఆచారం. సమాధుల తోటలో స్థలం అడ్డంగా ఉంటే ఎటు పెట్టినా తప్పులేదు.

---

లూథరన్_కుటుంబం

తాపీ గారూ, చోటు లేక కుటుంబ సమాధినే మళ్లీ తెరిచి అందులో పెడుతున్నారు కదా. పాత ఎముకలు కనబడితే కొందరు భయపడుతున్నారు, "నాన్నగారిని కదిపాం, పునరుత్థానానికి ఇబ్బంది అవుతుందా" అని.

---

ఆచంట_తాపీ

ఎముకలు తెల్ల గుడ్డలో మూటకట్టి అదే గొయ్యిలో తల వైపు పక్కన పెడతాం. ఆ పని ఊరేగింపు రాకముందే అయిపోవాలి, కుటుంబంలో ఒక్క మగమనిషి దగ్గరుంటే చాలు. వాక్యం సంగతి మీరే చెప్పాలి.

---

నరసాపురం_పెద్ద

ఇబ్బందేమీ లేదు. క్రీస్తు కాలంలో యెరూషలేములో కూడా శరీరాన్ని రాతి గుహలో పడుకోబెట్టి, మాంసం కరిగాక, ఏడాది అటూ ఇటూగా, ఎముకల్ని సున్నపురాతి పెట్టెలో సర్దేవారు. చోటు తక్కువ కాబట్టి అదే గుహ కుటుంబమంతటికీ. అంతకు చాలా ముందు యోసేపు తన ఎముకల్ని ఐగుప్తు నుంచి తీసుకుపొమ్మని ప్రమాణం చేయించుకున్నాడు (ఆదికాండము 50:25). మోషే తీసుకెళ్లాడు, షెకెములో పాతిపెట్టారు (యెహోషువ 24:32). ఎముకల్ని కదపడం అవిశ్వాసమైతే హెబ్రీ 11:22 దాన్ని విశ్వాసం కింద లెక్కపెట్టేది కాదు.

---

యానాం_కతోలిక

దహనం గురించి మా వైపు నియమం చెబుతాను. కతోలిక సంఘం 1963లో దహనానికి అనుమతి ఇచ్చింది, పునరుత్థానాన్ని కాదనే ఉద్దేశంతో చేయకపోతేనే. భూస్థాపనకే ఇప్పటికీ మొగ్గు. 2016లో రోము ఇంకో సూచన ఇచ్చింది: బూడిదను మామూలుగా ఇంట్లో ఉంచుకోకూడదు, గాలిలో, నేల మీద, నీళ్లలో చల్లకూడదు, సమాధుల తోటలాంటి పవిత్ర స్థలంలో ఉంచాలి. మన ప్రాంతంలో బంధువులు వెంటనే "గోదాట్లో కలిపేద్దాం" అంటారు. కతోలిక కుటుంబమైతే ఈ సంగతి దహనానికి ముందే పెద్దకొడుకుతో మాట్లాడాలి. రేవు దగ్గర వాదన పెట్టుకుంటే గొడవే.

లేస్తారా లేదా అన్నదానికి జవాబు క్రీ.శ. 177లోనే ఉంది. గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్) లియోన్ దగ్గర హతసాక్షుల (విశ్వాసం కోసం చంపబడినవాళ్ల) శరీరాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపేశారు, వీళ్లకు పునరుత్థాన నిరీక్షణ లేకుండా చేద్దామని. సంఘం ఆ నిరీక్షణ వదులుకోలేదు. మట్టిలో కరిగినా మంటలో కాలినా దేవునికి ఒకటే. ఒకటి నిదానంగా, ఒకటి త్వరగా.

మాకు నవంబరు 2 సకల మృతుల దినం. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, మృతుల కోసం పూజ చేయిస్తాం. మా బైబిల్లో ఉన్న 2 మక్కబీయులు 12 ఆధారంగా వాళ్ల కోసం ప్రార్థిస్తాం. ఇక్కడ మనకు తేడా ఉందని తెలుసు.

---

నరసాపురం_పెద్ద

ఉంది. మా సహవాసాల్లో మృతుల కోసం ప్రార్థన ఉండదు. వాళ్ల జీవితం కోసం దేవునికి స్తోత్రం చెల్లిస్తాం, బ్రతికున్నవాళ్ల ఆదరణ కోసం ప్రార్థిస్తాం. కానీ ఒకే ఇంట్లో అన్న కతోలిక, తమ్ముడు మా సహవాసం అయితే గొయ్యి దగ్గర ఈ తేడా తేల్చుకోవద్దు. కుటుంబం ఏ సంఘమో ఆ సంఘం క్రమమే నడవాలి. శరీరం లేస్తుందన్నది ఇద్దరికీ ఒకటే.

---

పల్లిపాలెం_అంతర్వేది

వేటకెళ్లి తిరిగిరానివాళ్ల గురించి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఎలా చేసిందో ఇక్కడ అందరికీ తెలుసు. శరీరం దొరకని ఇళ్లు తీరమంతా ఉన్నాయి. సమాధి లేదు, పూలు పెట్టే చోటు లేదు. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు ప్రకటన 20:13 చదవండి: "సముద్రము తనలోనున్న మృతులను అప్పగించెను." అది తీర్పు సన్నివేశంలోని మాటే, దాచకండి. కానీ సముద్రం ఎవర్నీ తనదిగా ఉంచుకోలేదన్నది అందులో ఉంది. వలలోంచి జారిపోయినట్టు దేవుని లెక్కలోంచి ఎవరూ జారరు.

ఆచరణలో రెండు సంగతులు. మొదటిది, ఎన్ని రోజులు చూశాక ఆదరణ కూడిక పెట్టాలన్నది కుటుంబమే చెప్పాలి, పాస్టరు తొందరపెట్టకూడదు. మిగతా బోట్లన్నీ ఒడ్డుకు చేరి, వెతికినవాళ్లు తిరిగొచ్చేదాకా "ప్రభువునందు నిద్రించాడు" అన్న మాట మైకులో రాకూడదు. ఆ తల్లి ఇంకా రేవు వైపే చూస్తుంటుంది. రెండోది, కూడిక తర్వాత సమాధుల తోటలో పేరు, పుట్టిన తేదీ, వేటకెళ్లిన తేదీ, ఒక వచనంతో చిన్న రాయి పెట్టించండి. లోపల శరీరం లేదని తెలిసినా ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు ఆ ఇంటివాళ్లకూ నిలబడే చోటు ఒకటి ఉండాలి.

ప్రకటన 21:1లో "సముద్రమును ఇకను లేదు" అన్నది చదివితే మా వాళ్లు ఉలిక్కిపడతారు, "మరి మా బతుకు?" అని. ఆ గ్రంథంలో సముద్రం మృగం పైకి వచ్చే చోటు (13:1), మృతులను పట్టి ఉంచిన చోటు. మనుషుల్ని మింగే ఆ భయం ఇక ఉండదని చెప్పండి.

---

రాజోలు_సువార్తికుడు

చాలా ఉపయోగపడుతున్నాయి. ఇంకో రెండు. చదువుకున్న బంధువులు "యేసు లేచాడనడానికి ఆధారం ఏంటి" అంటారు. ఇంకొకటి, విశ్వాసం లేకుండా పోయినవాళ్ల ఇంట్లో ఏం చెప్పాలి?

---

లూథరన్_కుటుంబం

ఆధారం మాట గొయ్యి దగ్గర వద్దు, ఆదరణ కూడిక అయ్యాక కూర్చున్నప్పుడు చెప్పండి. పౌలు కొరింథులో ఉండగా గల్లియో అకయకు (గ్రీసులోని రోమా రాష్ట్రం) అధిపతి (అపొ. కార్యములు 18:12). డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి గల్లియో కాలం క్రీ.శ. 51–52 ప్రాంతం. పౌలు 1 కొరింథీ పత్రిక రాసింది 55 ప్రాంతంలో. అందులో "నాకియ్యబడిన ఉపదేశమును" అని 15:3–7లో సాక్షుల వరస ఇస్తాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది, ఐదువందలకు ఎక్కువమంది సహోదరులు, యాకోబు. ఆ ఐదువందల్లో చాలామంది ఇంకా బ్రతికే ఉన్నారంటాడు, అంటే వెళ్లి అడగొచ్చనే. తరాల తర్వాత పుట్టిన కథకు ఈ పద్ధతి ఉండదు.

"లాజరు కూడా లేచాడుగా" అంటే, లాజరు ప్రేతవస్త్రాలతో బయటికొచ్చాడు, ఎవరో కట్లు విప్పాల్సి వచ్చింది (యోహాను 11:44). ఆయన మళ్లీ చనిపోవాల్సినవాడే. యేసు బట్టలు సమాధిలోనే ఉండిపోయాయి (20:5–7). క్రీస్తు ఇక చనిపోడు (రోమా 6:9). మనకు మాట ఇచ్చింది ఆ రెండో రకం. ఆయన గాయాలు చూపించాడు, కాల్చిన చేప ముక్క తిన్నాడు (లూకా 24:39–43). నిత్యజీవమంటే మబ్బుల్లో తేలడం అనుకునేవాళ్లకు ఆ చేప ముక్క చూపించండి. కొత్త యెరూషలేము కిందికి దిగి వస్తుంది (ప్రకటన 21:2), కొత్త భూమి ఉంటుంది, దేవుడు మనుషుల మధ్య కాపురం ఉంటాడు.

---

నరసాపురం_పెద్ద

రెండోది కష్టమైన ఇల్లు. అబద్ధం చెప్పకండి, తీర్పూ చెప్పకండి. "మహిమలో ప్రవేశించాడు" అని మీకు తెలియనిది అనొద్దు. నరకం గురించి శవం ముందు బెదిరించొద్దు, ఆ మాట విన్న కుటుంబం ఇరవై ఏళ్లు చర్చి గడప తొక్కదు. మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ లేస్తారని యేసు చెప్పాడు (యోహాను 5:28–29), తీర్పు ఆయనది. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము అడిగాడు (ఆదికాండము 18:25), అది చదివి ఆగండి. చివరి గంటలో ఆ మనిషికీ దేవునికీ మధ్య జరిగింది మనకు తెలియదు, దొంగ విషయంలో చివరి గంటే సరిపోయింది. మిగతా మాటలన్నీ బ్రతికున్నవాళ్లకు, ఆదరణగా.

1 థెస్సలొనీక 4:16–17 చదివేటప్పుడు అంత్యదినాల పటం విప్పకండి. మా సహవాసాల్లో ఎత్తబడడం గురించి, శ్రమల కాలం గురించి వివరంగా బోధిస్తాం, దానికి వేరే రోజులున్నాయి. పౌలు ఆ మాటలు రాసింది ముందుగా చనిపోయినవాళ్లు వెనకబడిపోతారేమోనన్న దిగులు తీర్చడానికి. వాళ్లే మొదట లేస్తారు. ఆ ఒక్కటి చెప్పండి.

---

ముమ్మిడివరం_సండేస్కూల్

పిల్లల గురించి ఎవరూ రాయలేదు. "తాతయ్య నిద్రపోతున్నాడు" అని మాత్రం అనకండి, చిన్నపిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు. "చనిపోయాడు, ఊపిరి ఆగిపోయింది, ఇక నొప్పి తెలియదు, యేసయ్య తాతయ్యను మళ్లీ లేపుతాడు" అని వరసగా చెప్పండి. "చుక్క అయ్యాడు", "దేవదూత అయ్యాడు" అనొద్దు. మనుషులు దేవదూతలుగా మారతారని వాక్యంలో ఎక్కడా లేదు. ఎప్పుడు లేపుతాడని అడిగితే తేదీ మనకు చెప్పలేదనండి. మార్కు 5:41లో యాయీరు కూతురి చెయ్యి పట్టుకుని యేసు లేపిన భాగం చదివి వినిపిస్తే ఐదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. ఆ పాపకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడని 43వ వచనం వరకూ చదవండి, పిల్లలు దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

మన్ను వేయనివ్వాలా అంటే, పిల్లలు అడిగితేనే, ఒక పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని. వానాకాలంలో గొయ్యి అంచు జారుతుంది. రెండడుగుల ఇవతల చెక్క వేయించి దాని మీద నిలబెట్టండి.